అత్తగారి చెవుడు

“ఆ డబ్బాలన్నీ ఇవాళే తీసెయ్. రేపు టీవీ బిగించే అతను వచ్చేసరికి అక్కడ గోడ తప్ప ఇంకేమీ కనిపించకూడదు,” అన్నాడు భర్త, పేపరులోంచి తల ఎత్తకుండానే.

ఆమె అప్పటికే టీవీ బల్ల ముందు నేలమీద చతికిలబడి, తడిగుడ్డతో ఆ డబ్బాలే తుడుస్తోంది. పారేసేవాటిని తుడవడమెందుకని ఎవరైనా అడగొచ్చు. ఇంట్లోంచి వెళ్ళేది మనిషైనా వస్తువైనా మొహం కడుక్కుని వెళ్ళాలని ఆమెకో పట్టింపు. పై అరలో సెట్ టాప్ బాక్సు, కింది అరలో కొడుకు చిన్నప్పటి వీడియో గేమ్, దానికి రెండు జాయ్‌స్టిక్కులు, వాటి చుట్టూ చుట్టలు చుట్టుకుని పడుకున్న తీగలు. ఆ తీగల మధ్య దుమ్ము ఎక్కడెక్కడ దాక్కుంటుందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడ క్యాసెట్లు పెట్టే డబ్బా ఉండేది. తర్వాత సీడీల డబ్బా వచ్చింది, ఆ తర్వాత ఇది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా ఇల్లంతా దాని చుట్టూ చేరేది, పోయినప్పుడు మాత్రం ఎవరికీ పట్టేది కాదు. డబ్బాలు మారుతూ వచ్చాయి గానీ గుడ్డ పట్టుకున్న చెయ్యి ఒక్కటే.

“ఆ బాక్సు నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చెయ్. ఎలాగూ అక్కడే కూర్చుంటావుగా,” అన్నాడు మళ్ళీ.

కూర్చోవడం అనేది ఆమె ఉద్యోగానికి అతను ఎప్పుడూ వాడే మాట. తను ఆఫీసుకి పనిచేయడానికి వెళ్తాడు, ఆమె కూర్చోవడానికి వెళ్తుంది. జీతం ఇద్దరికీ వస్తుంది. ఇంట్లో ఆమె ఎప్పుడు కూర్చుందో గుర్తుచేసుకోమంటే అతనికి ఒక్క సందర్భమే గుర్తొస్తుంది, దాన్ని మాత్రం ఊరంతా చెప్పి నవ్విస్తాడు. ఆమె బాక్సుని పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని, కూర మీద మూతపెట్టి, గ్యాసు కట్టేసి బయల్దేరింది.

ఆమె పనిచేసేది ఆ బాక్సుల కంపెనీ ఆఫీసులోనే, పాత బాక్సులు వెనక్కి తీసుకునే కౌంటర్లో. ఒకప్పుడు అదే కౌంటర్లో కొత్త కనెక్షన్లు ఇచ్చేవాళ్ళు. కుర్చీలు చాలక జనం గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళు. ఇప్పటికీ క్యూ ఉంటుంది, కాకపోతే అది వదిలించుకుని పోయేవాళ్ళ క్యూ. అప్పట్లో కొనడానికి మగవాళ్ళు వచ్చేవారు, ఇప్పుడు ఇచ్చేయడానికి ఆడవాళ్ళు వస్తున్నారు. ఈ సంగతి ఆమె తప్ప ఆఫీసులో ఇంకెవరూ గమనించినట్టు లేదు. బాక్సుని చూస్తే ఇల్లు కనబడుతుంది ఆమెకి. ఒకదాని మీద పాలగ్లాసు అడుగు ముద్ర గుండ్రంగా ఉంటుంది. ఇంకొకదాని నిండా పిల్లలు అంటించిన బొమ్మలు. ఒకసారి ఒకదాన్ని తలకిందులు చేస్తే సందుల్లోంచి బటాణీ గింజలు రాలాయి. తెచ్చినావిడ సిగ్గుపడి, “మా చిన్నాడండీ, టీవీలో వాళ్ళకి ఆకలేస్తుందని పెట్టేవాడు. ఇప్పుడు వాడికే పెళ్ళీడు వచ్చింది,” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గింజల్ని చెత్తబుట్టలో పడేయబుద్ధి కాక ఆవిడ వాటిని రుమాలులో మూటకట్టుకుని తీసుకెళ్ళింది.

ఇంకో ఏడాదికి ఈ కౌంటరూ ఉండదని మేనేజరు అంటూనే ఉంటాడు. అప్పుడు మనల్ని ఏ కౌంటర్లో ఇచ్చేయాలో చూసుకోవాలమ్మా అని ఆయన జోకు. ఆ జోకు వేసి టీ తెమ్మని ఆమె వైపే చూస్తాడు, ఆ గదిలో ఆమెకంటే వెనక చేరిన మగవాళ్ళు ముగ్గురున్నా సరే.

ఆ శనివారం ఒక పెద్దావిడ బాక్సు ఇచ్చేసి కూడా కదల్లేదు. కొత్త టీవీ బాగుందా అని అడిగితే, “బాగానే ఉందమ్మా. డబ్బా లేదు, తీగ లేదు. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవిలో మోత వాళ్ళది. ఇల్లంతా ఆసుపత్రిలా ఉంది,” అని నిట్టూర్చి వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగేదాకా చూసి, ఆమె తన సంచిలోంచి తువ్వాలు విప్పి, తన ఇంటి బాక్సుని బల్లమీద పెట్టుకుంది. నంబరు కొట్టి, పెట్టెలో వేస్తే అయిపోతుంది. చేయి మాత్రం ఆడలేదు. రేపటినుంచి తన ఇల్లూ అలాగే ఉంటుంది. హాలు ఉంటుంది, వంటిల్లు ఉంటుంది, మధ్యలో గోడ ఉంటుంది. ఆ గోడ దాటి వంటింట్లోకి వచ్చే శబ్దమే ఉండదు. అది కావాలని ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి? శబ్దం కావాలంటే నవ్వరూ?

ఆ ఇంట్లో టీవీ ఎప్పుడూ వంటింటి వైపు వీపు పెట్టుకునే ఉండేది. కాపురానికి వచ్చినప్పటినుంచీ అంతే. సాయంత్రం సీరియల్ వేళకి ఆమె పొయ్యి దగ్గర ఉండాలి, లేకపోతే రాత్రి భోజనం వేళకి అందదు. వంటింటి గుమ్మంలో నిలబడితే టీవీ కనబడేది కాదు, చూసేవాళ్ళ మొహాలు కనబడేవి. కథ ఎటు పోతోందో ఆ మొహాల్లోనే చూసుకునేది. మిగతాదంతా వినడమే. ఏళ్ళ తరబడి నడిచిన సీరియళ్ళలో మనుషులు ఆమెకి గొంతులుగానే తెలుసు. ఒకసారి ఒక విలన్‌ని పత్రికలో ఫోటో చూసి, ఇంత చక్కటివాడా అని ఆశ్చర్యపోయింది. గొంతుని బట్టి ఆమె అతనికి బట్టతలా బొజ్జా పెట్టి ఉంచింది మరి.

అలా వినగలిగిందంటే అత్తగారి చెవుడు పుణ్యమే. ఆవిడకి వినబడదని ఇంట్లో అందరికీ తెలుసు. టీవీ అంత మోత పెట్టకపోతే ఆవిడకి ఆనదు. భర్త ఆఫీసునుంచి వస్తూనే చెవులు మూసుకునేవాడు. “అమ్మా, వీధి చివరికి వినిపిస్తోందే నీ సీరియల్,” అని విసుక్కునేవాడు. ఆవిడ “ఆఁ?” అని చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని అతను లోపలికి పోయేవాడు. టీవీ రిమోటు మీద శబ్దం పెంచే మీట చీకట్లోనైనా చేతికి తగిలేలా ఆవిడ చిన్న ప్లాస్టరు ముక్క అంటించుకున్నారు, గాయానికి వేసేది. అది అరిగిపోతే ఇంకోటి అంటించేవారు. పైగా టీవీతో పోట్లాడే అలవాటొకటి ఉండేది ఆవిడకి. “చూడు చూడు, ఆ మహాతల్లి తలుపు చాటున నిలబడి అంతా వింటోంది... ఇదిగో, కళ్ళు తుడుచుకుంటోంది... అబ్బో, కొత్త చీర కట్టింది, ఎర్ర అంచు” అని పైకే గొణుక్కునేవారు. వయసు మీద పడిందిలే అనుకునేవాళ్ళు అందరూ. ఆమె కూడా అలాగే అనుకుంది, ఉల్లిపాయలు తరుగుతూ చూపుడువేలు కోసుకున్న సాయంత్రం దాకా.

పెద్దగా అరవలేదు. పళ్ళ మధ్యనుంచి స్స్ అంది, అంతే. హాల్లో టీవీ మోగుతూనే ఉంది. అయినా గోడ అవతలనుంచి అత్తగారి గొంతు తాపీగా వచ్చింది. “ఏం తెగిందమ్మాయ్?”

కొళాయి కింద వేలు పెట్టి ఆమె అలాగే నిలబడిపోయింది. నీళ్ళతోపాటు కళ్ళు కూడా కారాయి, ఉల్లిపాయల వల్ల కాదు. కాసేపటికి ఆవిడ వచ్చి, రిమోటుకి వేసే ప్లాస్టర్లలోంచే ఒకటి తీసి వేలికి చుట్టి, ఏమీ జరగనట్టు వెళ్ళి శబ్దం ఇంకొంచెం పెంచారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత చెప్పేవాళ్ళు, కోడలి కోసం కొన్నేళ్ళపాటు చెవిటిదని అనిపించుకున్న అత్తని చూసి ఉండరు. ఆవిడ పోయాక రిమోటు భర్త చేతికి వెళ్ళింది. శబ్దం సగానికి తగ్గింది. వంటింట్లోకి మాటలు రాకుండా పోయాయి, గొణుగుడు మాత్రమే మిగిలింది. అదైనా ఒక తోడు అనుకుంది ఇన్నాళ్ళూ.

కౌంటర్లో ఆమె తన బాక్సుని మళ్ళీ తువ్వాలులో చుట్టేసింది. ఇంటికి రాగానే ఇచ్చేశావా అని భర్త అడిగితే, ఇవాళ కౌంటర్ పెందలాడే మూసేశారని చెప్పింది. కౌంటర్ మూసింది తనే కాబట్టి అది మరీ అబద్ధం కాదని సర్దిచెప్పుకుంది.

ఆదివారం పొద్దున కొడుకూ కోడలూ వచ్చారు. కొత్త టీవీ వాళ్ళ కానుక. కొడుకు ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. టీవీ బిగించే అతను గోడకి రంధ్రాలు చేస్తుంటే, వాడు కింది అరలోని వీడియో గేమ్‌ని కాలితో పక్కకి జరిపి, తల్లికి భవిష్యత్తు వివరించాడు.

“ఇంకొన్నేళ్ళు పోతే ఎవరింట్లోనూ డబ్బా అనేదే ఉండదమ్మా. ఆట ఎక్కడో మా మెషీన్లలో నడుస్తుంది. మీ హాల్లోకి బొమ్మ ఒక్కటే వస్తుంది. వెనకాల ఏం జరుగుతోందో చూసేవాళ్ళకి తెలియనే తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.”

ఆమెకి నవ్వొచ్చి తల తిప్పుకుంది. ఎక్కడో లోపల పని నడవడం, హాల్లోకి పళ్ళెం ఒక్కటే రావడం, వెనకాల ఏం జరిగిందో తినేవాళ్ళకి తెలియకపోవడం... వీడు కొత్తగా కనిపెట్టిందేముంది? ఈ ఇంట్లో అది ముప్పై ఏళ్ళుగా నడుస్తోంది. అయినా వాడి మొహంలో ఆ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. చిన్నప్పుడు కొత్త ఆట తెచ్చుకున్న రోజున కూడా వాడి కళ్ళు ఇలాగే మెరిసేవి. అవే కళ్ళు.

గోడమీద టీవీ వెలిగింది. కోడలు సంచిలోంచి తీగలేని హెడ్‌ఫోన్స్ మూడు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి మామగారికి, ఒకటి మొగుడికి, ఒకటి తనకి. ఎవరి శబ్దం వాళ్ళకే, ఇంకొకరికి ఇబ్బంది ఉండదట. తర్వాత ఆమె వైపు చూసి ఆ పిల్ల మొహం కాస్త వాడిపోయింది.

“మీకూ తెద్దామన్నాను అత్తయ్యా. అమ్మ ఎప్పుడూ టీవీ చూడదు కదా అన్నారు మీ అబ్బాయి.”

నిజమే, ఆమె ఎప్పుడూ చూడలేదు. వాడు అబద్ధమేమీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే భర్త వీడియో గేమ్‌ని చూశాడు. అతను ఎప్పుడూ చెప్పి నవ్వించే ముచ్చట బయటికి వచ్చింది. కోడలు ఇదివరకు విన్నదే గానీ టీవీ బిగించే అతను వినలేదు కదా, ఉప్పూ కారం అద్ది మొదలుపెట్టాడు. పిల్లాడు చిన్నప్పుడు కార్ల పందెం ఆడేవాడు. అమ్మా నువ్వూ రా అని ఒకటే గొడవ. ఈవిడేమో కారుని తిన్నగా గోతిలోకి తోలేది, వాడేమో ఏడుపు. చూసి చూసి తను రెండో జాయ్‌స్టిక్ తీగ పీకేసి బల్ల వెనక్కి తోసేశాడు. అప్పట్నుంచి రెండో కారుని మెషీనే నడిపేది. ఈవిడకి తెలిస్తే కదా. సాయంత్రం అయ్యేసరికి పిల్లాడి పక్కన కూర్చుని ఆ ఉత్తి జాయ్‌స్టిక్‌నే అటూ ఇటూ తిప్పేది. కారు గెలిస్తే చప్పట్లు కూడా కొట్టేది.

“తీగ లేకుండా బండి నడిపిన మొదటి మనిషి మా ఆవిడేనయ్యా,” అని ముగించాడు. “ఇప్పుడంటే అందరివీ తీగ లేనివే వచ్చాయి.”

టీవీ బిగించే అతను మర్యాదకి నవ్వాడు. కొడుకు కూడా నవ్వాడు, ప్రేమగానే. ఈ ముచ్చటకి పెళ్ళిళ్ళలోనూ పుట్టినరోజుల్లోనూ ఎంతమంది నవ్వారో లెక్కలేదు. ప్రతిసారీ ఆమె కూడా వాళ్ళతోపాటు నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది. ఇవాళ కూడా కప్పులు చేతిలోకి తీసుకుంది. కానీ కదల్లేదు.

“నాకు తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“తీగ పీకేశారని. మర్నాడు పొద్దున్నే ఊడుస్తుంటే చీపురుకి తగిలింది.”

భర్త నవ్వుతూనే ఉన్నాడు, ఇది ముచ్చటకి కొత్త తోక అనుకుని. “మరి చెప్పలేదేం?”

“చెబితే నన్ను అక్కణ్ణుంచి లేపేసేవాళ్ళు.”

డ్రిల్లింగ్ మెషీన్ని పెట్టెలో సర్దుకుంటున్న అతను ఒక్కక్షణం ఆగాడు. 

ఆమె మనసులో మాత్రం ఆ తీగ మళ్ళీ చేతికి వచ్చింది. చీపురు పక్కన పెట్టి, తీగ చివర పిన్ను చూసి, అది ఎక్కడ పెట్టాలో తెలిసి కూడా, దుమ్ము తుడిచి మళ్ళీ బల్ల వెనక్కే తోసేసిన ఆ పొద్దు. వెనక్కి తిరిగేసరికి అత్తగారు తన గదిలో మంచం మీదనుంచి చూస్తున్నారు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. తీగ పెట్టుకుంటే కారు గోతిలో పడుతుంది, పిల్లాడు ఏడుస్తాడు, నీకెందుకే ఇవన్నీ అంటారు, తను లేచి వంటింట్లోకి వెళ్ళాలి. తీగ లేకపోతే కూర్చోవచ్చు. చేతిలో జాయ్‌స్టిక్ ఉన్నంతసేపు ఆమెని మంచినీళ్ళు అడిగేవాళ్ళు లేరు. పిల్లాడు ఆనుకుని కూర్చునేవాడు. వాడి తలలోంచి ఎండ వాసన వచ్చేది. ఆ అరగంటా అత్తగారు తన సీరియల్ వదులుకునేవారు. భర్త కాఫీ అంటే, “అది ఆడుతోందిగా, నేనిస్తాలే,” అని మోకాళ్ళు పట్టుకుని తనే లేచేవారు. ఆ పూటకి కాఫీ మాట మాత్రం ఆవిడకి భేషుగ్గా వినబడేది. తెలివితక్కువదని నలుగురూ నవ్వితే నవ్వారు గానీ, ఆ ఇంట్లో ఆమె హాల్లో కూర్చుని టీవీకి ఎదురుగా మొహం పెట్టినవి ఆ సాయంత్రాలే. వాటికోసం అంతకంటే ఎక్కువే ఇచ్చి ఉండేది.

టీవీ బిగించే అతను పాత టీవీని భుజానికెత్తుకున్నాడు, తీసుకుపోవడానికి. ఆమె కప్పులు బల్లమీద పెట్టేసింది.

“బాబూ, అది ఆ గదిలో పెట్టి వెళ్ళు. ఆ చెక్కపెట్టె మీద.”

ఆ గది అత్తగారిది. ఆవిడ పోయాక పాత పరుపులకీ ఖాళీ అట్టపెట్టెలకీ వదిలేశారు. భర్త, పాతది పట్టుకుపొమ్మని తను చెప్పేశాడని, ఇప్పుడు ఆ చెత్తంతా దేనికని అన్నాడు. ఆమె సంచిలోంచి తువ్వాలు చుట్టిన బాక్సు తీసింది. అది చూసి అతను, “ఇచ్చేయలేదా?” అన్నాడు.

“లేదండీ. ఇవ్వను. ఇవి ఆ గదిలో ఉంటాయి. నేనూ అక్కడే కూర్చుంటాను.”

గొంతు పెంచలేదు. కూరకి ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది.  భర్త ఏదో అనబోయి, కొడుకు వైపు చూసి, హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. కొడుకు మాత్రం వంగి, ఇందాక కాలితో జరిపిన వీడియో గేమ్‌ని రెండు చేతులతో ఎత్తి, చొక్కా అంచుతో తుడిచి తల్లి చేతికిచ్చాడు.  

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు నిశ్శబ్దమైపోయింది. పెద్ద తెరమీద ఎవరో పరుగెడుతున్నారు, ఏదో పేలుతోంది, చప్పుడు లేదు. తండ్రీకొడుకులు చెవులు మూసుకుని చెరో పక్క కూర్చున్నారు. ఆమె గిన్నెలు సింకులో నానబెట్టి, చేతులు తుడుచుకుని, అత్తగారి గదిలోకి వెళ్ళింది. పరుపులు ఒక మూలకి సర్దింది. కిటికీ తెరిచింది. తీగలు ఒక్కొక్కటే వాటి చోట పెట్టింది, పసుపు, తెలుపు, ఎరుపు. పాత టీవీ కాసేపు ఆలోచించుకుని వెలిగింది. కార్ల ఆట పాట మొదలైంది. అదే పాట. ఒక్కసారిగా ఇరవై ఏళ్ళ కిందటి సాయంత్రం గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నట్టయింది.

గుమ్మంలో అలికిడైంది. కోడలు నిలబడి ఉంది, హెడ్‌ఫోన్స్ లేవు.

“అత్తయ్యా, రెండోది ఉందా?”

“రా.” ఆమె రెండో జాయ్‌స్టిక్ అందుకుని, దాని తీగని చేత్తో చివరిదాకా తడుముకుంటూ వెళ్ళి, పిన్ను టక్కుమనేదాకా నొక్కి, అప్పుడు ఆ పిల్ల చేతికిచ్చింది. “ఇప్పుడు ఆడు.”

మొదటి మలుపులోనే ఆమె కారు గోతిలో పడింది. రెండో మలుపులో కోడలిది కూడా పడింది. ఇద్దరూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. ఎన్నాళ్ళకో ఒక కారు ఆమె తిప్పిన వైపు తిరుగుతోంది, ఆమె తప్పుకి ఆమే పడుతోంది. గోతిలోంచి బయటపడటం ఇంత బాగుంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

“టీ పెట్టవా?” అని హాల్లోంచి కేక వచ్చింది. చెవులు మూసుకున్నవాళ్ళకి తాము ఎంత గట్టిగా అరుస్తున్నారో తెలియదు. వీధి చివరికి కూడా వినబడి ఉంటుంది.

కోడలు జాయ్‌స్టిక్ పక్కన పెట్టి లేవబోయింది. “మామయ్యగారు పిలుస్తున్నారు అత్తయ్యా.”

“ఆఁ?” అని ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత అదే చేత్తో ఆ పిల్ల మోకాలి మీద మెల్లగా నొక్కి కూర్చోబెట్టింది. తెరమీదనుంచి చూపు తిప్పకుండానే రెండో చెయ్యి మంచం మీద పాత టీవీ రిమోటు కోసం వెతికింది. అరిగిపోయిన ప్లాస్టరు ముక్క బొటనవేలికి తగిలింది.

“నీకింకా తెలియదు కదూ. ఈ గదిలో ఉండేవాళ్ళకి కాస్త చెవుడు,” అంటూ శబ్దం పెంచింది.